కౌంటరుకు అటూ ఇటూ ఆయనే

2006 జనవరి మూడో వారంలో థాయిలాండ్ జనం టీవీల్లో ఒక వింత చూశారు. దేశ ప్రధాని ఈశాన్యాన రోయి ఎట్ ప్రావిన్స్‌లోని అట్ సమాత్ అనే పేద ప్రాంతానికి వెళ్లి, గుడారం వేసుకుని మకాం పెట్టారు. మోటారుసైకిలెక్కి ఊళ్లు తిరిగారు. రైతుల అప్పుల లెక్కలు అడిగి తెలుసుకున్నారు. పేదరికాన్ని ఎలా వదిలించాలో వెంట ఉన్న అధికారులకు అక్కడికక్కడే పాఠాలు చెప్పారు. కెమెరాలు ఐదు రోజులూ రేయింబవళ్లు ఆయన వెంటే ఉన్నాయి. ప్రధానే హీరోగా నడిచిన రియాలిటీ షో అది.

ఆ వారం గడిచిందో లేదో జనవరి 23న మరో వార్త వచ్చింది. ప్రధాని కుటుంబం తమ చేతిలో ఉన్న టెలికాం సంస్థ షిన్ కార్పొరేషన్ వాటాలు, 49.6 శాతం, సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడుల సంస్థ టెమాసెక్‌కు అమ్మేసింది. ధర 7,330 కోట్ల భాత్‌లు. అమ్మకం మీద పన్ను సున్నా. వారం కిందట అప్పులు తీర్చే దారి చెప్పించుకున్న రైతులు ఈ అంకెను ఎలా చదువుకున్నారో గాని, బ్యాంకాక్ మధ్యతరగతి మాత్రం వీధిలోకి వచ్చింది. ఎనిమిది నెలల్లో ట్యాంకులు కూడా వచ్చాయి.

ఆ ప్రధాని పేరు థక్సిన్ షినవత్ర. పాతికేళ్లుగా థాయ్ రాజకీయమంతా ఆయన చుట్టూనో, ఆయనకు ఎదురుగానో నడుస్తోంది. ఆయన కథ మనం చదవదగ్గది కావడానికి కారణం వేరే ఉంది. కోటీశ్వరుడు ఎన్నికల్లో నిలబడితే మన రచ్చబండ మీద వినపడే మాట ఒకటుంది కదా: ‘తరతరాలకు సరిపడా ఉంది, ఇంకా తినాల్సిన ఖర్మ ఆయనకేంటి?’ 2024లో దేశంలోకెల్లా సంపన్న లోక్‌సభ అభ్యర్థి మన గుంటూరు నుంచే పోటీ చేసి గెలిచారు కాబట్టి ఈ వాదన మనకు కొత్తేమీ కాదు. సరిగ్గా ఇదే వాదనతో థక్సిన్ 2001లో గెలిచారు. ఆ వాదనలో ఎంత నిజముందో, ఎక్కడ బొక్కపడిందో ఆయన జీవితమంత వివరంగా మరొకటి చెప్పదు.

పోలీసు దుస్తుల్లో వ్యాపారి

థక్సిన్‌ది ఉత్తరాన చియాంగ్ మయి. 1949 జులై 26న దగ్గర్లోని సాన్ కంఫేంగ్‌లో పుట్టారు. ముత్తాత పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణ చైనా నుంచి వలస వచ్చిన హక్కా చైనీయుడు. పన్నులు వసూలు చేసిపెట్టే గుత్త పాడుకుని స్థిరపడ్డాడు. అంటే సర్కారు దగ్గర హక్కు పాడుకోవడం, దాని మీద సంపాదించడం ఆ ఇంట్లో మొదటి తరం నుంచే ఉంది. తర్వాతి తరం పట్టు నేతలోకి దిగింది. షినవత్ర పట్టు పేరున్న సరుకు. తండ్రి లోయెట్ కాఫీ కొట్టు, నారింజ తోట, సినిమా హాళ్లు నడిపారు, ఎంపీగానూ గెలిచారు.

కొడుకు మాత్రం పోలీసు ఉద్యోగానికి వెళ్లారు. సైనిక, పోలీసు క్యాడెట్లు కలిసి చదివే సన్నాహక పాఠశాలలో పదో బ్యాచ్. 1973లో పోలీసు అకాడమీ నుంచి మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికా వెళ్లి, కెంటకీలో ఎమ్మే, టెక్సాస్‌లో పీహెచ్‌డీ, రెండూ నేర న్యాయశాస్త్రంలోనే చేశారు. పోలీసు జనరల్ కుమార్తె పోజమాన్‌ను పెళ్లి చేసుకున్నారు.

ఉద్యోగం చేస్తూనే వ్యాపారాలు మొదలుపెట్టారు. పట్టు దుకాణం, సినిమాల పంపిణీ, అపార్ట్‌మెంటు కట్టడం... అన్నీ చేతులు కాల్చాయి. అప్పు 5 కోట్ల భాత్‌లకు చేరింది. ఆయన్ను ఒడ్డున పడేసింది బజారు కాదు, ఆఫీసు. ఐబీఎం కంప్యూటర్లను ప్రభుత్వ శాఖలకు లీజుకిచ్చే వ్యాపారం పెట్టారు. ఖాతాదారుల్లో ఆయన పనిచేస్తున్న పోలీసు శాఖ కూడా ఉంది. 1987లో లెఫ్టినెంట్ కర్నల్ హోదాలో ఉద్యోగం వదిలేశారు గాని, అసలు పాఠం అప్పటికే ఒంటపట్టింది: ఊళ్లో వేయిమంది కొనుగోలుదారుల కంటే సచివాలయంలో ఒక సంతకం బలమైనది.

మొబైల్ ఫోన్ వచ్చేసరికి ఆ సంతకం బంగారమైంది. 1990లో ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ నుంచి ఆయన కంపెనీ ఏఐఎస్‌కు ఇరవై ఏళ్ల కన్సెషన్ (గుత్త హక్కు) దక్కింది. మరుసటి ఏడు ఉపగ్రహ కన్సెషన్. 1993 డిసెంబరులో థాయ్‌కామ్ ఉపగ్రహం ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరింది. పేజర్లు, కేబుల్ టీవీ సరేసరి. ఇటుకల ధర, కూలీల జీతం ఎంత తగ్గించినా పుట్టని లాభం ఇక్కడ పుట్టింది. ఎందుకంటే రాబడికి హద్దు గీసేది పోటీ కాదు, కాగితం. కాగితం చేతిలో ఉన్నవాళ్లు ఒకరిద్దరే.

ఇందులో నేరమేమీ లేదు. ఆ కాలంలో ఆసియాలో టెలికాం సంపద చాలావరకూ ఇలాగే పోగైంది. థక్సిన్ చురుకైన వ్యాపారి అనడంలోనూ అనుమానం లేదు, అందరికంటే ముందు పసిగట్టారు. కానీ ‘సొంత కష్టంతో పైకొచ్చాడు, ప్రభుత్వంతో పనిలేనివాడు’ అని తర్వాత జరిగిన ప్రచారంలో రెండో సగం అబద్ధం.

రాజకీయాల్లో తొలి అడుగులు తడబడ్డాయి. 1994లో పలాంగ్ ధర్మ పార్టీ తరఫున విదేశాంగ మంత్రి అయ్యారు, మూడు నెలలు ఉన్నారు. తర్వాత ఉపప్రధానిగా బ్యాంకాక్ ట్రాఫిక్‌ను ఆరు నెలల్లో చక్కదిద్దుతానన్నారు. బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లకు ఆ మాట ఏమైందో చెప్పనక్కర్లేదు.

1997 జులై 2న భాత్ కుప్పకూలింది. బ్యాంకులు మూతపడ్డాయి, కంపెనీలు మునిగాయి, ఐఎంఎఫ్ షరతులతో వచ్చింది. పాత పార్టీల పరువు గంగలో కలిసింది. ఏడాది దాటగానే, 1998 జులై 14న, థక్సిన్ సొంత పార్టీ పెట్టారు. పేరు థాయ్ రక్ థాయ్. థాయ్‌లు థాయ్‌లను ప్రేమిస్తారు అన్న అర్థంలో. ఐఎంఎఫ్ గుమ్మంలో నిలబడ్డ దేశానికి ఆ పేరు గుండెకు తగిలింది.

ముప్పై భాత్‌లు

2001 జనవరి 6 ఎన్నికల్లో 500 సీట్లకు 248 గెలిచారు. అప్పటిదాకా థాయ్ పార్టీలు స్థానిక పెద్దమనుషుల గుంపులు. ఊళ్లో ఎవరు గట్టివాడో వాడికే టికెట్, ఓటుకు నోటు, గెలిచాక మంత్రి పదవుల బేరం. థక్సిన్ ఆ పెద్దమనుషుల్ని వదల్లేదు, డబ్బున్న పార్టీగా వాళ్లను గంపగుత్తగా చేర్చుకున్నారు. కొత్తగా చేసింది ఇంకొకటి. ఓటర్లు ఏం కోరుతున్నారో సర్వేలు చేయించి, మూడు హామీలు తయారు చేసి, చెప్పినట్టే ఏడాదిలో అందించారు. రైతు అప్పులకు మూడేళ్ల వాయిదా. ఊరికి 10 లక్షల భాత్‌ల చొప్పున 70 వేలకు పైగా ఊళ్లకు నిధి. మూడోది, ఏ జబ్బుకైనా 30 భాత్‌లకే వైద్యం.

ఈ మూడో దాని దగ్గర కాస్త ఆగాలి. ఆలోచన ఆయనది కాదు. సంగువాన్ నిత్యారంఫోంగ్ అనే డాక్టరుది. సీసాకేట్‌లోని మారుమూల ఆసుపత్రిలో పనిచేసి, వైద్యం కోసం పొలాలు అమ్ముకునేవాళ్లను కళ్లారా చూసిన మనిషి. అందరికీ వైద్యం పథకాన్ని లెక్కలు కట్టి పట్టుకుని పార్టీల చుట్టూ తిరిగారు. సాధ్యం కాదన్నారు కొందరు, చూద్దామన్నారు కొందరు. థక్సిన్ అంకెలు చూశారు, కుదురుతుందన్నారు. ప్రజలకు గుర్తుండేలా 30 భాత్‌ల బోర్డు తగిలించారు. కంపెనీవాడి బుర్ర అక్కడ పనికొచ్చింది.

పథకం గుట్టు బోర్డులో లేదు, చెల్లింపులో ఉంది. ప్రభుత్వం ఆసుపత్రికి ప్రధానంగా ఇచ్చేది ఆపరేషన్‌కు ఇంతని కాదు. ఆ ప్రాంతంలో నమోదైన జనాన్ని లెక్కపెట్టి, తలకు ఇంతని ఏడాదికోసారి ఇస్తుంది. మొదట్లో అది 1,200 భాత్‌ల చిల్లర. జనం ఆరోగ్యంగా ఉంటే ఆసుపత్రికి మిగులు. అనవసరంగా కోస్తే నష్టం. మన ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇందుకు తిరగేసిన పద్ధతి. ఇక్కడ చికిత్సకు ఇంతని ప్యాకేజీ, పెద్దాసుపత్రికి డబ్బు. రెండూ పేదవాడికి మేలు చేసినవే. అయితే థాయ్ పద్ధతి ఊరి ఆసుపత్రిని నిలబెట్టింది. 2002 నాటికి దేశమంతా విస్తరించి, అప్పటిదాకా ఏ బీమా లేనివాళ్లతో సహా దాదాపు నాలుగున్నర కోట్ల మందికి చేరింది. ప్రపంచ బ్యాంకు నిపుణులు ముందు పెదవి విరిచినా, పేద దేశాలు నేర్చుకోవాల్సిన నమూనాగా ఇప్పుడు దీన్నే చూపిస్తున్నారు.

ఇంకో విడ్డూరం. 2006లో సైన్యం థక్సిన్‌ను దించాక, కొత్త ప్రభుత్వం ఆయన గుర్తులన్నీ చెరిపే పనిలో పడింది. ఈ పథకాన్ని మాత్రం ముట్టుకోలేకపోయింది. బోర్డు చెరపాలని ఆ 30 భాత్‌లు కూడా వసూలు చేయడం మానేసి, పూర్తి ఉచితం చేసింది! ఆయన చెల్లెలు ప్రధాని అయ్యాక 2012లో మళ్లీ 30 భాత్‌లు పెట్టారు.  ఆ అంకె పార్టీ జెండాగా మారిపోయింది కాబట్టి.

ఐఎంఎఫ్ అప్పును గడువుకు రెండేళ్ల ముందే, 2003లో తీర్చేశారు. ప్రజాస్వామ్యం వచ్చాక నాలుగేళ్ల పదవీకాలం పూర్తిచేసిన తొలి ఎన్నికైన ప్రధాని ఆయనే. 2005 ఎన్నికల్లో 375 సీట్లు. అంతకుముందు ఆ దేశంలో ఏ పార్టీకీ రాని బలం.

దేశాన్ని నడపడం, కంపెనీని నడపడం ఒకటేనని ఆయన తరచూ అనేవారు. గవర్నర్లకు సీఈఓ గవర్నర్లని పేరు పెట్టారు. కంపెనీలో లక్ష్యం ఇచ్చి, అందుకోకపోతే బదిలీ చేయొచ్చు. 2003 ఫిబ్రవరిలో మాదకద్రవ్యాలపై యుద్ధం ప్రకటించి పోలీసులకు అలాగే లక్ష్యాలిచ్చారు, గడువు మూడు నెలలు. ఆ మూడు నెలల్లో 2,500 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామందికి మత్తుమందులతో సంబంధమే లేదని తర్వాత వేసిన విచారణ సంఘం తేల్చింది. మరుసటి ఏడు అక్టోబరు 25న ముస్లింలు ఎక్కువగా ఉండే దక్షిణాన తాక్ బాయిలో నిరసనకారుల్ని చేతులు వెనక్కి కట్టి, లారీల్లో ఒకరి మీద ఒకరిని పడేసి తీసుకెళ్లారు. 78 మంది ఊపిరాడక పోయారు. మొత్తం మృతులు 85. ఎవరికీ శిక్ష పడలేదు. థక్సిన్ మీద అవినీతి కేసులు ఎన్నో నడిచాయి. ఈ చావుల మీద ఒక్కటీ తేలలేదు. ఆయన శత్రువులకూ వీటి మీద ఆసక్తి లేదని అర్థం చేసుకోవాలి.

బినామీలు

మళ్లీ డబ్బు దగ్గరికి. 2000 డిసెంబరులో, ఇంకా ఎన్నికలు జరగకముందే, జాతీయ అవినీతి నిరోధక కమిషన్ 8–1తో థక్సిన్‌ను తప్పుపట్టింది. మంత్రిగా ఉన్నప్పుడు ఆస్తుల ప్రకటనలో వాటాలు దాచారని. ఆ వాటాలు ఎవరి పేరిట ఉన్నాయనుకున్నారు? ఇంటి పనిమనిషి, డ్రైవరు, కాపలాదారు పేరిట. కోట్ల విలువైన షేర్లకు ఓనర్లయిన సంగతి వాళ్లకే తెలుసో లేదో. పొరపాటున జరిగింది, దురుద్దేశం లేదని థక్సిన్ చెప్పారు. అప్పటికి ఆయన ప్రధాని కూడా అయిపోయారు. 2001 ఆగస్టు 3న రాజ్యాంగ న్యాయస్థానం 8–7తో నిర్దోషి అంది. ఒక్క ఓటు అటు పడితే ఐదేళ్ల నిషేధం, థాయ్ చరిత్రే వేరేగా ఉండేది.

ప్రధాని అయ్యాక వాటాలు పిల్లల పేరు మీద, బావమరిది పేరు మీద ఉన్నాయి, నాకేమీ లేవు అన్నారు. కాగితాల మీద నిజమే. 2006 అమ్మకంలో ఆ నిజం ఎలా పనిచేసిందో చూడండి. వర్జిన్ ఐలాండ్స్‌లో నమోదైన ఆంపుల్ రిచ్ అనే కుటుంబ సంస్థ షిన్ వాటాల్ని ఒక్కొక్కటి 1 భాత్ చొప్పున పిల్లలకు అమ్మింది. పిల్లలు అవే వాటాల్ని 49.25 భాత్‌ల చొప్పున టెమాసెక్‌కు అమ్మారు. స్టాక్ ఎక్స్ఛేంజీలో అమ్మిన వ్యక్తులకు లాభంపై పన్ను ఉండదు కాబట్టి పన్ను లేదు. టెలికాం కంపెనీల్లో విదేశీయుల వాటా 25 శాతం దాటకూడదన్న నిబంధనను 49 శాతానికి పెంచే సవరణ అంతకు రెండు మూడు రోజుల ముందే అమల్లోకి వచ్చింది.

మన రచ్చబండ వాదనకు బొక్కపడింది ఇక్కడే. ఖజానా నుంచి ఒక్క భాత్ తీసినట్టు ఎవరూ చూపించనక్కర్లేదు. చట్టం ఏ తేదీన మారుతుందన్నదే ఆస్తి అయిన వ్యాపారంలో, తేదీ వేసే కుర్చీలో కూర్చున్నాక తినడం, తినకపోవడం అన్న లెక్క పనికిరాదు. 2010 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం కూడా ఇదే. మొబైల్ కన్సెషన్ రుసుమును ఎక్సైజ్ పన్నుగా మార్చడం, థాయ్‌కామ్ సేవలు కొనుక్కునేలా మయన్మార్‌కు ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు నుంచి 400 కోట్ల భాత్‌ల అప్పు ఇప్పించడం లాంటివి ప్రధానిగా సొంత కంపెనీకి చేసిన మేళ్లని తేల్చింది. స్తంభింపజేసిన 7,660 కోట్ల భాత్‌లలో 4,637 కోట్లు జప్తు చేసింది. మిగతాది ప్రధాని కాకముందే ఉన్న ఆస్తి అని తిరిగిచ్చేసింది. సైనిక కుట్ర తర్వాత మొదలైన కేసు కాబట్టి తీర్పును అనుమానంగా చూసేవాళ్లున్నారు. అందులో న్యాయం ఉంది. అయినా లెక్కలు మాత్రం కుట్రదారులు పుట్టించినవి కావు.

థక్సిన్‌కు పడనివాళ్లు నీతిమంతులేమీ కాదు. తన సన్నాహక పాఠశాల సహచరుల్ని సైన్యంలో పైకి తేవడం, బంధువు చైయసిత్‌ను 2003లో సైన్యాధిపతిని చేయడం జనరళ్లకు నచ్చలేదు. రాజప్రాసాదం చుట్టూ ఉండే కులీనులకు, గ్రామాల్లో మరొకరి ఫొటోకు దండం పెట్టడం నచ్చలేదు. బ్యాంకాక్ మధ్యతరగతికి తమ పన్నులు ఈశాన్యపు రైతుకు వెళ్లడం నచ్చలేదు. పసుపు చొక్కాలు వేసుకుని వీధికెక్కిన వాళ్లకు షిన్ అమ్మకం అగ్గిపుల్ల అందించింది. 2006 సెప్టెంబరు 19న థక్సిన్ న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలకు వెళ్లి ఉండగా సైన్యం అధికారం తీసుకుంది.

కుటుంబ కంపెనీ

ఆ తర్వాత పదిహేడేళ్లు వేగంగా చెప్పుకోవచ్చు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టును కొన్నారు, ఏడాదిలో అబూ ధాబీకి అమ్మారు. 2008 ఫిబ్రవరిలో తిరిగొచ్చి విమానాశ్రయం నేలను ముద్దాడారు. ఆగస్టులో ఒలింపిక్స్ చూడ్డానికని బీజింగ్ వెళ్లి 2023 దాకా మళ్లీ రాలేదు. పార్టీని రద్దు చేస్తే కొత్త పేరుతో పెట్టారు, దాన్నీ రద్దు చేస్తే ఇంకో పేరు. టీవీలో వంటల కార్యక్రమం చేసి డబ్బు తీసుకున్నారని ఆయన పార్టీ తరఫున ప్రధాని అయిన సమక్‌ను, పార్టీ రద్దుతో తర్వాతి ప్రధాని, థక్సిన్ బావగారు సోమ్‌చాయ్‌ను కోర్టులు దించేశాయి. 2010లో ఆయన మద్దతుదారులైన ఎర్ర చొక్కాలు బ్యాంకాక్ నడిబొడ్డున బైఠాయిస్తే సైన్యం కాల్పుల్లో, ఘర్షణల్లో 90 మందికి పైగా పోయారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆయన కోసం వచ్చినవాళ్లు. ఆయన విదేశంలో ఉన్నారు.

2011లో చెల్లెలు యింగ్‌లక్ 265 సీట్లతో గెలిచారు. 2014లో కోర్టు ఆమెను దించింది, రెండు వారాలకు సైన్యం ప్రభుత్వాన్నే దించింది. దుబాయి నుంచి వీడియో కాల్స్‌తో నడిచిన పార్టీ సీట్ల విషయంలో మాత్రం 2001 నుంచి ప్రతి సాధారణ ఎన్నికలోనూ మొదటి స్థానంలో నిలిచింది. 2023లో ఆ వరస తెగింది. మూవ్ ఫార్వర్డ్ అనే యువకుల పార్టీ 151 సీట్లతో ముందుకొచ్చింది, థక్సిన్ పార్టీకి 141. అప్పుడాయన చేసింది చూస్తే ఆయనలోని వ్యాపారి ఎప్పుడూ నిద్రపోలేదని తెలుస్తుంది. ఎర్ర చొక్కాల మీద కాల్పులు జరిపిన సైన్యం పార్టీలతోనే పొత్తు. 2023 ఆగస్టు 22 ఉదయం ప్రైవేటు విమానంలో దిగారు. అదే సాయంత్రం ఆయన పార్టీ ప్రధాని, రియల్ ఎస్టేట్ వ్యాపారి స్రెత్తా ఎన్నికయ్యారు. విదేశంలో ఉండగా అవినీతి కేసుల్లో పడ్డ ఎనిమిదేళ్ల శిక్షను రాజు ఏడాదికి తగ్గించారు. జైలుకు వెళ్లిన రాత్రే పోలీసు ఆసుపత్రి పద్నాలుగో అంతస్తుకు మార్చారు. ఆరు నెలలకు పెరోల్.

బేరం బాగానే కుదిరింది. ఎదుటివాళ్లు మాట మీద నిలబడలేదు. ఏడాది తిరక్కుండానే స్రెత్తాను కోర్టు దించింది. 37 ఏళ్ల చిన్నకూతురు పేటోంగ్‌టార్న్‌ను ప్రధానిని చేశారు. 2025 జూన్‌లో ఆమె కంబోడియా నేత హున్ సేన్‌తో ఫోన్లో మాట్లాడుతూ ఆయన్ను అంకుల్ అని పిలిచి, సొంత సైనికాధికారిని తక్కువ చేసిన సంభాషణ బయటికొచ్చింది. బయటపెట్టింది హున్ సేనే. 2009లో పారిపోయి తిరుగుతున్న థక్సిన్‌కు ఆర్థిక సలహాదారు పదవి ఇచ్చి ఆదరించిన పాత మిత్రుడు! ఫోన్లమ్మి దేశాన్ని గెలిచిన కుటుంబం ఫోన్ కాల్‌తో అధికారం పోగొట్టుకుంది. ఆగస్టు 29న కోర్టు ఆమెను పదవి నుంచి తొలగించింది. సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు, ఆసుపత్రిలో గడిపిన రోజులు శిక్షగా చెల్లవంటూ 76 ఏళ్ల థక్సిన్‌ను ఏడాదిపాటు జైలుకు పంపింది.

అంతకు నాలుగు రోజుల ముందు థాయ్ పార్లమెంటు కొత్త ప్రధానిని ఎన్నుకుంది. పేరు అనుతిన్ చాన్‌విరకూన్. ఆయనా సంపన్నుడే, ఆయనా థక్సిన్ ప్రభుత్వంలో ఆరోగ్యశాఖ ఉపమంత్రిగా పనిచేసినవాడే. కుటుంబానిది సినో-థాయ్ అనే నిర్మాణ కంపెనీ. ఆయన్ను ప్రధానిగా ఎన్నుకున్న ఆ పార్లమెంటు భవనాన్ని ప్రభుత్వ కాంట్రాక్టు మీద కట్టింది ఆ కంపెనీయే.